నేరుగా యూసీకా, కమ్యూనిటీ కాలేజీ మీదుగానా?

కాలిఫోర్నియాలో హైస్కూలు ముగించిన పిల్లలకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) డిగ్రీకి రెండు దారులున్నాయి. నేరుగా చేరితే నాలుగేళ్లూ ఒకే చోట ఉండవచ్చు, ఖర్చు మాత్రం బరువు. రెండోది, ముందు కమ్యూనిటీ కాలేజీలో చదివి తర్వాత యూసీకి బదిలీ కావడం. అక్కడ రాష్ట్ర నివాసికి సెమిస్టర్ యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క) 46 డాలర్లే. "మనవాడు అక్కడికా?" అని చిన్నబుచ్చుకునే తెలుగు తల్లిదండ్రులను చూస్తే బాధేస్తుంది, చివరికి పట్టా మీద ఉండేది యూసీ పేరే.

నా ఓటు రెండో దారికే, కానీ తయారీ తొలి సెమిస్టర్‌లోనే మొదలవ్వాలి. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో చూడకుండా, కాల్‌క్యులస్ వదిలి తేలిక గణితం తీసుకుంటే ఇంజినీరింగ్ ఆశ వెనక్కి జరుగుతుంది. బదిలీకి 60 యూనిట్లు కావాలి. డేవిస్, అర్వైన్ సహా ఆరు క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవారికి సీటు హామీ ఇస్తాయి. ఆ దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్‌లలో ఆ హామీ లేదు.