పెరటి కొలనుకి 18 వాట్ల పంపు, పెయింట్ బకెట్ ఫిల్టరు: కొన్నేళ్లు వాడాక

పర్లాకిమిడిలో మా పెరటి కొలను చిన్నదే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. దాదాపు వెయ్యి లీటర్లు పడుతుంది. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్టు కూలిన చోట కట్టించుకున్నాం. కలువలు, గప్పీ చేపలు ఉన్నాయి. కూలర్లలో వాడే 18 వాట్ల సబ్‌మెర్సిబుల్ పంపు, పెయింట్ బకెట్‌తో ఇంట్లోనే చేసుకున్న ఫిల్టరు రాత్రింబగళ్లు నడుస్తుంటాయి.

పంపు పెట్టె మీద గంటకు 1100 లీటర్లు, ఎత్తు 1.85 మీటర్లు అని ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి రావు. ఎత్తు పెరిగేకొద్దీ ధార తగ్గుతుంది, 1.85 దగ్గర చుక్క కూడా పడదు. మా బకెట్ అంచు నీటిమట్టానికి మూడడుగుల పైన ఉంది. అక్కడికి సుమారు సగం వస్తాయి. అంటే రెండు గంటలకోసారి కొలను నీళ్లన్నీ ఫిల్టరులో తిరిగినట్టే, ఈమాత్రం చేపలకు అది చాలు. కరెంటు నెలకు 13 యూనిట్లు.

పంపు ఆగితే కాలిపోయిందని పారేయకండి. చాలాసార్లు రోటరు (లోపల తిరుగుతూ నీళ్లను తోసే రెక్కల అయస్కాంతం) పట్టేసి ఉంటుంది, అంతే. ప్లగ్గు తీసి, ముందుమూత ఊడదీసి రోటరుని లాగండి. అయస్కాంతం కాబట్టి కాస్త మొరాయించి వస్తుంది. ఒంటినిండా గోధుమరంగు జిగురు, రెక్కలకు జుట్టులా చుట్టుకున్న నాచు కనిపిస్తాయి. పాత టూత్‌బ్రష్ చాలు. బోరు నీళ్లయితే తెల్లటి సున్నపు పొర కూడా కడుతుంది, నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు నానబెడితే వదులుతుంది. లోపలి సిరామిక్ ఇరుసు సన్నగా, పెళుసుగా ఉంటుంది, దాన్ని మాత్రం వంచకూడదు.

మా పెరట్లో అసలు బాధ చింతాకుతోనే. పంపు జాలీ ఎంత చిన్నదైనా దూరిపోతుంది. అత్తయ్య పాత దోమతెరతో సంచి కుట్టి ఇచ్చారు, పంపుకి అదే తొడిగి, అడుగు బురద లాగకుండా ఇటుక మీద పెట్టాం. అప్పట్నుంచి రోటరు విప్పే పని బాగా తగ్గింది.

నాకు బాగా నచ్చింది ఫిల్టరే. నీళ్లు బకెట్ అడుగున దూరి పైకి పొంగుతాయి. బురద కిందే దిగిపోతుంది, వాల్వ్ తిప్పితే అరటి మొదట్లోకి పోతుంది. పైన స్పాంజి, దానిమీద పెంకు ముక్కలు. చేపల వల్ల చేరే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా వీటినే పట్టుకుని బతుకుతుంది. అది కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అలాంటి స్పాంజిని తెల్లగా అయ్యేదాకా కుళాయి కింద ఉతికేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే ఆ బాక్టీరియా అంతా పోయినట్టే. బకెట్‌లోకి కొలను నీళ్లే తీసుకుని, అందులో రెండుసార్లు పిండితే సరిపోతుంది.

వానాకాలంలో గంటలకొద్దీ కరెంటు పోయినప్పుడు కూడా టెన్షన్ ఈ బాక్టీరియా గురించే. నీళ్లు ఆగితే ఆక్సిజన్ అందక చస్తుంది, బకెట్‌లో నీళ్లు కంపు కొడతాయి. కరెంటు రాగానే పంపు వేసేయకుండా ఆ నీళ్లని వాల్వ్ ద్వారా వదిలేయాలి. లేకపోతే ఆ కుళ్లు నేరుగా చేపల మీద పడుతుంది. దోమల మాటకొస్తే గప్పీలు లార్వాని తినేస్తాయి, నీళ్లు కదులుతుంటాయి. మలేరియా బాగా తెలిసిన మా గజపతి జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

పంపులో నాకు నచ్చనిది వైరు. మరీ పొట్టి, అతుకు వేయక తప్పదు. ఆ అతుకు నీళ్లకీ వానకీ దూరంగా ఉండాలి, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. పిల్లలు చేతులు పెట్టే చోటు కాబట్టి ఇందులో నేను రాజీపడను. విడి రోటరు మా ఊళ్లో దొరకదు, బరంపురం వెళ్లినప్పుడు ఒకటి తెచ్చి ఉంచుకుంటాం.

వెయ్యి లీటర్ల లోపు కొలను, మూడడుగుల లోపు ఎత్తు అయితే కళ్లు మూసుకుని ఇదే కొనండి. ఐదడుగుల పైనుంచి జలపాతంలా పడాలంటే మాత్రం ఇది లాగలేదు, 40 వాట్లది చూసుకోండి.