పీ5.జేఎస్ సమీక్ష: ఫ్రేములు లెక్కపెడితే లోలకం అబద్ధమాడుతుంది

పీ5.జేఎస్ అంటే బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు గీయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. దాంట్లో సెటప్ అంటే ఏమిటి, డ్రా అంటే ఏమిటి అన్నవి ఇక్కడ వివరంగా చెప్పను. అవి చెప్పేవాళ్లు కోకొల్లలు. వృత్తం గీసి, స్లైడర్ పెట్టి, చుక్కను మౌస్‌తో లాగడం వరకు వచ్చినవాళ్లకు ఆ తర్వాతి మెట్టు మీద ఈ లైబ్రరీ ఎక్కడ కాలు జారుస్తుందో చెప్పాలని ఉంది. చాలా ఏళ్లు వాడాక దీని మీద నాకు మిగిలిన కోపం ఒక్కటే. అది కాలం గురించి.

బొమ్మను మళ్లీ మళ్లీ గీసే డ్రా ఫంక్షన్ సెకనుకు 60 సార్లు నడుస్తుందని, ఒక్కో గీతను ఫ్రేము అంటారని అందరం మొదటిరోజే నేర్చుకుంటాం. ఆ మాట నమ్మి ఒక మీటరు పొడవున్న లోలకం ఆప్లెట్ (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం) రాద్దాం. ప్రతి ఫ్రేముకూ కాలం సెకనులో అరవయ్యో వంతు జరిగిందనుకుని కోణం, కోణీయ వేగం మారుస్తాం. ల్యాప్‌టాప్ మీద చక్కగా ఊగుతుంది. ఒక డోలనానికి 2.006 సెకన్లు, పుస్తకంలో ఉన్నట్టే. అదే ఆప్లెట్‌ను 90 హెర్ట్జ్ తెర (సెకనుకు 90 సార్లు మారేది) ఉన్న ఫోన్లో తెరిస్తే? తెర వేగం ఎక్కువ కాబట్టి లోలకం పరుగెడుతుందనుకుంటాం. జరిగేది తలకిందులు, లోలకం నెమ్మదిస్తుంది.

కారణం లైబ్రరీ లోపల ఉంది. బ్రౌజర్ ప్రతి తెర మార్పుకూ పిలుస్తుంది కానీ, పీ5 ప్రతిసారీ డ్రాను నడపదు. లక్ష్యం 60 కాబట్టి 16.67 మిల్లీసెకన్లు కావాలి, దాంట్లో 5 మిల్లీసెకన్ల సడలింపు ఇస్తుంది. అంటే కిందటి ఫ్రేము తర్వాత కనీసం 11.67 గడవాలి. 90 హెర్ట్జ్ తెరలో పిలుపు 11.11కే వస్తుంది. అర మిల్లీసెకను తక్కువైన పాపానికి ఆ పిలుపు వృథా, రెండోది 22.22 దగ్గర అందుతుంది. దాంతో సెకనుకు 45 ఫ్రేములే. 2.006 సెకన్లు పట్టాల్సిన డోలనం 2.67 సెకన్లు పడుతుంది. పిల్లవాడు స్టాప్‌వాచ్ పట్టుకుని, ఆవర్తన కాలం నుంచి గురుత్వ త్వరణం లెక్కకడితే 9.8 బదులు 5.5 వస్తుంది. వాడి లెక్క తప్పు కాదు, మన ఆప్లెట్ తప్పు. బొమ్మ అందంగానే ఉంటుంది కాబట్టి పట్టుబడదు, అదే అసలు చిక్కు.

మందు డెల్టాటైమ్ అని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ణి. కిందటి ఫ్రేము నుంచి గడిచిన కాలాన్ని మిల్లీసెకన్లలో ఇస్తుంది. వెయ్యితో భాగించి వాడితే (భాగించడం మరిచిపోతే బొమ్మ ఒక్క ఫ్రేములో మాయం) 45 అయినా 60 అయినా లోలకం ఒకే వేగంతో ఊగుతుంది. కానీ ఆ పొగడ్తను కొంచెం తగ్గించుకోవాలి. పిల్లవాడు వేరే ట్యాబ్‌కు వెళ్లి అర నిమిషానికి తిరిగొస్తే డెల్టాటైమ్ 30,000 అంటుంది. అర నిమిషం కదలికను ఒకే అడుగులో వేసేసరికి లోలకం గిరగిరా తిరిగే ఫ్యానైపోతుంది. అందుకే పైకప్పు పెట్టాలి, 100 మిల్లీసెకన్లు మించితే 100గానే తీసుకోవాలి. కొందరు 50 పెడతారు. అప్పుడు నాసిరకం ఫోన్లో ఫ్రేములు 20కి దిగువకు పడితే మళ్లీ పాత జబ్బే, లోలకం నెమ్మదిస్తుంది.

ఇంకో తప్పు లెక్కించే వరుసలో ఉంటుంది. పాత వేగంతో కోణం మార్చి, ఆ తర్వాత వేగం మారిస్తే అది మామూలు ఆయిలర్ పద్ధతి. ప్రతి అడుగుకూ శక్తి కాస్త పెరుగుతుంది. ఒక మీటరు లోలకానికి అరవయ్యో వంతు అడుగులతో లెక్కిస్తే ఊపు సెకనుకు ఎనిమిదిన్నర శాతం చొప్పున పెరుగుతుంది. 5 డిగ్రీల నుంచి వదిలింది పది సెకన్లకు 11 డిగ్రీలు దాటుతుంది. ఘర్షణ కలిపి దీన్ని దాచిపెట్టిన ఆప్లెట్లు చాలా ఉన్నాయి. చేయాల్సింది కోడ్‌లో ఆ రెండు పంక్తులను తారుమారు చేయడమే. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో కోణం మార్చాలి. ఒక్క అక్షరం కూడా ఎక్కువ రాయకుండా ఊపు నిలబడుతుంది.

చివరికి నేను స్థిరపడిన పద్ధతి ఇది. డెల్టాటైమ్‌ను నేరుగా భౌతికశాస్త్రంలోకి పోయను. ఒక చలరాశిలో జమ చేస్తాను. ఆ జమలో సెకనులో 240వ వంతు ఉన్నంతసేపూ వైల్ లూప్‌లో ఒక్కో అడుగు వేసి, అంత తీసివేస్తాను. మిగిలిన చిల్లర తర్వాతి ఫ్రేముకు పోతుంది. పైకప్పు 100 మిల్లీసెకన్లు కాబట్టి ఎంత చెడ్డ ఫోనైనా ఒక ఫ్రేముకు 24 అడుగులు మించవు, తెర బిగుసుకుపోదు. ఇందులో ఇంకో సుఖం ఏమిటంటే, ఒకే ఆరంభం నుంచి ఏ ఫోన్లోనైనా అవే అడుగులు పడతాయి. జంటలోలకం లాంటి చిటికెడు తేడాకే దారి మారే ఆప్లెట్లకు ఇది తప్పనిసరి.

సరిచూడడం తేలిక. ఫ్రేమ్‌రేట్‌ను 15, 30, 60కి మార్చి మూడుసార్లు 20 డోలనాలకు పట్టే కాలం కొలవండి. మూడుసార్లూ 40 సెకన్ల దగ్గరే రావాలి. కొలిచేటప్పుడు ఊపు 5 డిగ్రీలు ఉంచండి. 60 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం నిజంగానే 7 శాతం పైచిలుకు పెరిగి 2.15 సెకన్లు అవుతుంది. అది బగ్ కాదు, దాన్ని సరిదిద్దబోకండి.

ఏకక వృత్తం, సైన్ తరంగం లాంటివాటికి ఇదంతా అక్కర్లేదు, కాలాన్ని నేరుగా సూత్రంలో పెడితే చాలు. అయితే ఆప్లెట్ మొదలైనప్పటి నుంచి గడిచిన కాలం చెప్పే మిల్లీస్‌ను వాడకండి. నోలూప్‌తో డ్రాను ఆపినా ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టగానే తరంగం ఎగిరి దూకుతుంది. పాజ్ బటన్ ఉన్న ఆప్లెట్‌కు సొంత గడియారం ఉండాలి. అంటే అదే జమ.

మౌస్ ఎక్కడుందో చెప్పే మౌస్‌ఎక్స్, మౌస్‌వై కోడ్‌లో ఎక్కడైనా దొరకడం ఈ లైబ్రరీ పెట్టిన పెద్ద భోగం. చుక్కలు లాగే ఆప్లెట్లలో అదే చెడగొడుతుంది. డ్రాలో ప్రతి ఫ్రేముకూ మౌస్ చుక్కకు దగ్గరగా ఉందా అని చూస్తే, చెయ్యి కాస్త వేగంగా కదిలినప్పుడు చుక్క జారిపోతుంది. సెకనుకు 1500 పిక్సెళ్లు కదిలే చేతికి ఫ్రేముకు 25 పిక్సెళ్లు, మన చుక్క వ్యాసార్ధం 10. నొక్కినప్పుడు ఒక్కసారే ఏ చుక్కో తేల్చి దాని సంఖ్య, చుక్క మధ్యకు మౌస్‌కు ఉన్న తేడా దాచుకోవాలి. వదిలే దాకా ఇంకేమీ అడగకూడదు. వేళ్లకైతే పట్టు వ్యాసార్ధం 22 పిక్సెళ్లు చూసుకోండి. కాన్వాస్‌కు సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ పెట్టకపోతే చుక్కతోపాటు పేజీ కూడా కదులుతుంది. పెడితే కాన్వాస్ మీద వేలు పెట్టి పేజీని జరపడం కుదరదు, కాబట్టి పక్కన బొటనవేలికి చోటు వదలాలి.

వై అక్షాన్ని పైకి తిప్పడానికి స్కేల్‌లో మైనస్ ఒకటి పెట్టకండి, అక్షరాలు కూడా బోర్లా పడతాయి. గణిత నిరూపకాల నుంచి తెరకు, తెర నుంచి గణితానికి చిన్న ఫంక్షన్లు రాసుకుంటే పోతుంది.

తెలుగులో ఆప్లెట్లు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 1 వరుస వెర్షన్లలో లోడ్‌ఫాంట్‌తో తెచ్చిన తెలుగు ఫాంటు ఒత్తులను విడగొడుతుంది, ‘త్రిజ్య’ చదవలేనట్టు వస్తుంది. ఫాంటును సీఎస్ఎస్‌లో తెచ్చి, టెక్స్ట్‌ఫాంట్‌కు పేరు మాత్రమే ఇస్తే బ్రౌజరే గీస్తుంది, అక్షరం ముత్యంలా ఉంటుంది. వెబ్‌జీఎల్‌లో (3డీ బొమ్మలు గీసే పద్ధతిలో) ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ రాత కోసం కాన్వాస్ మీద మామూలు హెచ్‌టీఎమ్ఎల్ డివ్ పరుస్తాను.

ఫోన్ వేడెక్కుతోందంటే ముందు పిక్సెల్‌డెన్సిటీ (కాన్వాస్‌లో ఒక్కో పిక్సెల్ పొడవుకు తెర మీద ఎన్ని నిజ పిక్సెళ్లో చెప్పే సంఖ్య) చూడండి. సాంద్రత 3 ఉన్న తెరలో 600కి 400 కాన్వాస్ నిజానికి 21,60,000 పిక్సెళ్లు. 2కు దించితే కంటికి తేడా తెలియదు, పని సగానికి పైగా తగ్గుతుంది. కదలిక లేని ఆప్లెట్‌కు నోలూప్ పెట్టి, స్లైడర్ జరిగినప్పుడే డ్రాను ఒక్కసారి నడిపే రీడ్రా పిలవండి.

ఇంకా వాడుతున్నానా అంటే, వాడుతున్నాను. నావి ఎక్కువగా కదిలే బొమ్మలు, చూసేది చవక ఫోన్లలో. లంబ సమద్విఖండన రేఖలు, స్పర్శరేఖలు, ఒకదానిపై ఒకటి ఆధారపడే నిర్మాణాలు మీ పని అయితే జ్యామితి కోసమే ఉన్న జియోజీబ్రా గానీ, జేఎస్ఎక్స్‌గ్రాఫ్ గానీ తక్కువ శ్రమ. అక్కడ చుక్కలు లాగే గొడవ వాళ్లే చూసుకున్నారు. ఇంకొకటి, 2025లో వచ్చిన పీ5 2.0లో ప్రీలోడ్ (ఫాంట్లు, బొమ్మల్లాంటి ఫైళ్లను ముందే తెచ్చే ఫంక్షన్) తీసేశారు. పాత ఆప్లెట్లు ఉన్నవాళ్లు లింకులో వెర్షన్ సంఖ్య ఖరారుగా రాసుకోండి. తీరిక చూసుకుని మార్చుకోవచ్చు, నావింకా సగం 1లోనే ఉన్నాయి.