చుక్కల బొమ్మ: గ్యాలరీలోనా, తెర మీదా, పుస్తకంలోనా – ఏది మేలు?

చుక్కల బొమ్మంటే రంగుల్ని ముందే కలపకుండా చిన్న చిన్న చుక్కలుగా పక్కపక్కన పెట్టి వేసింది; దూరం నుంచి చూస్తే మన కన్నే వాటిని కలుపుతుంది. అలాంటి బొమ్మ చూడటానికి గ్యాలరీయే మేలు, అందులో వాదనేమీ లేదు. చిక్కల్లా ఈ పద్ధతికి పేరుపడ్డ ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సూరా వేసిన పెద్ద కాన్వాసులు చికాగోలో, లండన్‌లో ఉండటమే. బెంగళూరులో ఉండేవాళ్లకు రోజూ అందేవి పుస్తకం, ఫోన్, మానిటర్. వీటిలో ఏది తక్కువ మోసం చేస్తుందో చూద్దాం.

పుస్తకం ముందే ఓడిపోతుంది. అచ్చులో ప్రతి రంగూ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలుగా పడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే కనబడేవి ప్రెస్సువాళ్ల చుక్కలే, సూరావి కావు.

ఫోన్ కూడా అంతే. సూరా బొమ్మ ‘లా గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం’ (1884–86) వెడల్పు 308 సెం.మీ. దాన్ని 15 సెం.మీ.కు కుదిస్తే 2 మి.మీ. చుక్క 0.1 మి.మీ. అవుతుంది. మన కన్ను కలపాల్సిన రంగుల్ని సాఫ్ట్‌వేర్ ముందే కలిపేస్తుంది. అదీ సరిగ్గా కలపదు: లేత, ముదురు చుక్కలు పక్కపక్కన ఉన్నచోట చాలా ప్రోగ్రాములు ఉండాల్సిన దానికన్నా ముదురుగా తేలుస్తాయి.

పెద్ద మానిటర్ నయం. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఈ బొమ్మ ఉచితంగా దొరుకుతుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 53 సెం.మీ. కాబట్టి బొమ్మ వెడల్పులో ఆరో వంతు తెర నిండేలా జూమ్ చేస్తే దాదాపు అసలు సైజు వస్తుంది. ఇక కుర్చీ వెనక్కి జరపండి. చుక్క సైజును 3,400తో గుణిస్తే రంగులు పూర్తిగా కలిసిపోయే దూరం వస్తుంది: 1 మి.మీ. చుక్కకు 3.4 మీటర్లు, 3 మి.మీ. చుక్కకు పది మీటర్లు. (పది మీటర్లంటే మన ఫ్లాట్లలో హాలు దాటి మెట్లదాకా వెళ్లాలి!) అంత దూరం పోనక్కర్లేదు. దానికి కాస్త ఇవతల ఆగితే రంగులు కలిసీ కలవనట్టు మిలమిలలాడతాయి. చూడాల్సింది అదే.

మానిటర్ ఇవ్వలేనిది రంగు మందం. గ్రాండ్ జాట్‌లో అన్నీ చుక్కలే అనుకుంటారు గానీ, నీటి మీద కుంచె గీతలు అడ్డంగా సాగుతాయి. పక్కనుంచి పడే వెలుగులోనే ఆ గరుకుతనం తెలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం గ్యాలరీ కూడా మొదటి రంగు చూపించలేదు: సూరా వాడిన జింక్ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగుకు తిరిగింది. గడ్డి మీది మచ్చలు అవే.

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని మ్యాప్‌లోనో (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ), ప్యాలెస్ రోడ్డు ఎన్‌జీఎంఏలోనో (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్) ఇలాంటి ప్రదర్శన పెడితే, సెలవు రోజైన సోమవారం కాకుండా, మామూలు పనిదినం పొద్దున వెళ్లండి. శని, ఆదివారాల్లో మూడు మీటర్ల వెనక నిలబడితే మధ్యలో పదిమంది తలలుంటాయి. ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి బొమ్మవైపు నడవండి, మళ్లీ వెనక్కి రండి. బొమ్మ మీది అద్దంలో లైటు మెరిస్తే ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.