పెయిర్డ్ టీ-టెస్టా, ఇండిపెండెంట్ టీ-టెస్టా: ప్రాజెక్టుకి ఏది మేలు?

ప్రాజెక్టు రిపోర్టులు ఇవ్వాల్సిన రోజులు దగ్గరపడితే డిగ్రీ పిల్లలు ఏటా అడిగేది ఒకటే: "సార్, పెయిర్డ్ పెట్టాలా, ఇండిపెండెంట్ పెట్టాలా?" కొందరైతే రెండూ చేసేసి, ఎందులో పీ-వాల్యూ 0.05 కంటే తక్కువ వచ్చిందో చూసుకుని మరీ వస్తారు. టీ-టెస్టు రెండు సగటుల మధ్య తేడాని పరీక్షిస్తుంది. ఒకే మనిషివో, జతకట్టిన రెండింటివో కొలతలు పోలిస్తే పెయిర్డ్, సంబంధం లేని రెండు గుంపుల్ని పోలిస్తే ఇండిపెండెంట్. పీ-వాల్యూ అంటే, నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడాగానీ ఇంతకన్నా ఎక్కువగానీ కనిపించే సంభావ్యత. ఇక నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ రెండు టెస్టులూ ఒకే డేటాని ఎంత వేరుగా చూస్తాయో తెలియాలంటే గణాంకాలకి వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే 'స్లీప్' డేటా తెరవండి. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో టీ-టెస్టు పేపరు రాసినప్పుడు ఉదాహరణగా తీసుకున్న అంకెలివి. పది మంది రోగులు, రెండు మందులు. ఒక్కొక్కరికీ రెండు మందులూ ఇచ్చి, నిద్ర ఎన్ని గంటలు పెరిగిందో రాశారు. సగటు పెరుగుదల మొదటి మందుతో 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు.

ఈ ఇరవై అంకెల్నీ రెండు వేర్వేరు గుంపులనుకుని ఇండిపెండెంట్ టెస్టు చేస్తే టీ విలువ 1.86, పీ-వాల్యూ 0.079. తేడా ఉందని తేల్చలేం. అవే అంకెలకి పెయిర్డ్ చేస్తే టీ 4.06, పీ-వాల్యూ 0.0028. రిపోర్టులో ముగింపు పేరా మొత్తం తిరగబడుతుంది.

కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. ఒకరికి రెండు మందులతోనూ నిద్ర బాగా పెరిగింది: 3.7, 5.5 గంటలు. ఇంకొకరికి ఏది ఇచ్చినా అదే తంతు: −0.1, −0.1. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఈ తేడాకి మందుతో సంబంధం లేదు. అయినా ఇండిపెండెంట్ టెస్టులో అది సగటుల తేడాని భాగించే హారంలో చేరి టీ విలువని కిందికి లాగేస్తుంది. పెయిర్డ్‌లో ఎవరి అంకెలోంచి వాళ్ల అంకెనే తీసేస్తాం కాబట్టి ఆ గొడవ పోతుంది. బదులుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వేచ్ఛగా మారగల అంకెల సంఖ్య) 18 నుంచి 9కి తగ్గుతాయి, 5 శాతం దగ్గర టేబుల్ విలువ, అంటే టీ దాటాల్సిన హద్దు, 2.101 నుంచి 2.262కి పెరుగుతుంది. వచ్చే లాభం ముందు ఇది చిన్న నష్టమే. కాలేజీ ప్రాజెక్టులో పదో, పదిహేనో కొలతలకి మించి దొరకవు. అందుకే ప్లాన్ చేసే దశలోనే నన్ను అడిగితే పెయిర్డ్ వైపే మొగ్గుతాను.

అలాగని పెయిర్డ్ ఎప్పుడూ చిన్న పీ-వాల్యూ ఇస్తుందనుకోకండి. డార్విన్ మొక్కజొన్న ప్రయోగం చూడండి. పరపరాగ సంపర్కంతో వచ్చిన మొక్క ఒకటి, స్వపరాగ సంపర్కంతో వచ్చినది ఒకటి, ఇలా 15 జతల ఎత్తులు కొలిచాడు. 1935లో గణాంకవేత్త ఫిషర్ ఆ అంకెలకి పెయిర్డ్ టెస్టు చేస్తే టీ 2.148 వచ్చింది. టేబుల్ విలువ 2.145. గీత మీద గట్టెక్కింది. అవే ఎత్తులకి ఇండిపెండెంట్ చేసి చూడండి, 2.437 వస్తుంది. జతలో ఒకటి బాగా పెరిగితే రెండోది కూడా పెరగాలన్న ఆశ అక్కడ ఫలించలేదు. అయినా ఫిషర్ చేసినట్టు పెయిర్డే చేయాలి, ఎందుకంటే మొక్కల్ని జతలుగా పెంచారు.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదే: కొలవకముందే జత కుదిరిందా, లేదా? పీ-వాల్యూ చూశాక టెస్టు మార్చడం కుదరదు. మెట్లెక్కకముందు, ఎక్కాక అదే విద్యార్థి పల్స్ చూస్తే పెయిర్డ్. ఏ-సెక్షన్‌కి ఒక పద్ధతిలో, బి-సెక్షన్‌కి ఇంకో పద్ధతిలో పాఠం చెప్పి మార్కులు పోలిస్తే ఇండిపెండెంట్. రెండు సెక్షన్లలోనూ ముప్పై మందే ఉన్నారని రోల్ నంబర్ల వరసలో పక్కపక్కన పెట్టి పెయిర్డ్ చేసేవాళ్లున్నారు. ఏ-సెక్షన్ ఒకటో నంబరుకీ బి-సెక్షన్ ఒకటో నంబరుకీ సంబంధమేంటి?

దీనికి తిరగేసిన తప్పు ఇంకా బాధాకరం. అవగాహన సదస్సుకి ముందూ తర్వాతా ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు, కానీ ఎవరి కాగితం ఏదో గుర్తు పెట్టించరు. జత ఉండి కూడా పోగొట్టుకున్నట్టే. పేరు వద్దనుకుంటే ఒక కోడ్ నంబరైనా రాయించండి.

పెసల మొలకల ప్రయోగంలో ఇంకో చిక్కుంది. ఒక కుండీలో వర్మీకంపోస్ట్, ఒక కుండీలో మామూలు మట్టి, కుండీకి పది మొక్కలు. ఇవి పది శాంపిళ్లు కావు. ఎరువు వేసింది కుండీకి కాబట్టి శాంపిల్ ఒక్కటే, ఏ టెస్టూ దీన్ని కాపాడలేదు. చిన్న కప్పులు ఎక్కువ తీసుకుని, రెండేసి కప్పులు పక్కపక్కన ఒకే వెలుతురులో పెట్టి, ఏ కప్పుకి ఎరువో నాణెం ఎగరేసి తేల్చండి. అప్పుడు పెయిర్డ్‌కి అర్థం ఉంటుంది. మనుషుల మీద రెండు పద్ధతులు పోల్చినా అంతే: సగం మందికి మొదటిది ముందు, మిగతావాళ్లకి రెండోది ముందు. లేకపోతే అలవాటు వల్ల వచ్చిన మార్పు పద్ధతి ఖాతాలో పడుతుంది.

రెండు సెక్షన్లు, రెండింటికీ ముందు పరీక్ష, తర్వాత పరీక్ష ఉన్నాయనుకోండి. చాలామంది ఒక్కో సెక్షన్‌కి విడిగా పెయిర్డ్ చేసి, "ఏ-సెక్షన్‌లో సార్థకత ఉంది (పీ-వాల్యూ 0.05 కంటే తక్కువ), బి-సెక్షన్‌లో లేదు, కాబట్టి ఏ పద్ధతి మేలు" అని రాసేస్తారు. అది రెండు పద్ధతుల్ని పోల్చినట్టు కాదు. ఒక్కొక్కరి మార్కులు ఎంత పెరిగాయో లెక్కగట్టి, ఆ పెరుగుదలల మీద ఇండిపెండెంట్ టెస్టు చేయాలి.

మిగతావి క్లుప్తంగా. లెక్కపెట్టిన సంఖ్యలయితే, అంటే ఎన్ని గింజలు మొలిచాయి, ఎన్ని మొలవలేదు లాంటివయితే, కై-స్క్వేర్. మూడు గుంపులుంటే అనోవా. జెడ్-టెస్టుతో మన ప్రాజెక్టులకి పనిపడదు. జతల డేటాలో ఒకటి రెండు అంకెలు మరీ దూరంగా ఉంటే, తేడాల బదులు వాటి ర్యాంకులతో పనిచేసే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ చేయొచ్చు, కానీ కనీసం ఆరు జతలుండాలి. అయిదింటితో, అన్నీ ఒకే వైపు ఉన్నా టూ-టెయిల్డ్ (తేడా ఏ వైపు ఉన్నా లెక్కించే) పీ-వాల్యూ 0.0625 కంటే దిగదు.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకి: టీ-టెస్ట్ ఫార్ములాలో చివరి అంకె 1 ఇస్తే పెయిర్డ్, 2 ఇస్తే రెండు గుంపుల విస్తృతులు (వేరియన్స్, అంటే అంకెల చెదురు) సమానమనుకునే ఇండిపెండెంట్, 3 ఇస్తే సమానం కాకపోయినా పనిచేసే వెల్చ్ టెస్టు. ఇండిపెండెంట్ అయితే 3 వాడండి, ఆర్ కూడా అడక్కుండా ఇచ్చేది అదే. రిపోర్టులో పీ-వాల్యూ ఒక్కటే రాసి వదిలేయకుండా తేడా ఎంతో, దాని 95 శాతం ఇంటర్వెల్ (అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే అంచనా) ఎంతో కూడా రాయండి. నిద్ర డేటాకి 1.58 గంటలు, ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46. వైవాలో "తేడా ఉంది సరే, ఎంత?" అని అడిగితే చూపించాల్సింది ఆ లైనే.