నెల్లూరొచ్చిన స్నేహితులకు ఊరా, మైపాడు బీచా?

హైదరాబాదు నుంచి స్నేహితులు దిగితే నాకు ప్రతిసారీ ఇదే టెన్షన్: ఊళ్లో తిప్పాలా, మైపాడు తీసుకెళ్లాలా?

ఖర్చు: ఊళ్లో ఆటోలతో సరి. మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, కారు మాట్లాడుకోవాలి.

తిండి: ఇక్కడ ఊరిదే గెలుపు. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు, చివర్లో మలై కాజా. పులుసు పొద్దున చేసి రాత్రికి తింటేనే రుచి. మా ఇంట్లో అయితే మర్నాటిదాకా ఆగమంటారు. బీచ్ దగ్గర దొరికిందే తినాలి.

రిస్క్: సముద్రంలో లోతుకు దిగనివ్వకండి. ఊళ్లో ట్రంకు రోడ్డు ట్రాఫిక్కే బాధ.

రాత్రి సందడి: రెండింటినీ హైదరాబాదుతో పోల్చకండి.

ఒక్క పూటే ఉంటే పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి చూపించి, భోజనానికి కూర్చోబెట్టండి. రాత్రికి ఆగే వాళ్లయితే తెల్లవారుజామునే మైపాడు. సూర్యోదయం అక్కడే చూడాలి.