బేరింగ్ క్లియరెన్స్: ప్లాస్టిగేజా, బోర్ గేజా?

క్రాంక్‌షాఫ్ట్‌కి మెయిన్ బేరింగులు వేశాక జర్నల్‌కీ (షాఫ్ట్ మీద బేరింగులో తిరిగే నునుపు భాగం) షెల్‌కీ (దాన్ని చుట్టే సగం గుండ్రటి బేరింగ్ ముక్క) మధ్య సందు, అంటే క్లియరెన్స్, చూడకుండా ఇంజిన్ మూసేస్తే ఆయిల్ ప్రెషర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. 50 మి.మీ. జర్నల్‌కి సుమారు 0.05 మి.మీ. అన్నది మోటు లెక్క. చివరి మాట మాన్యువల్‌దే.

ప్లాస్టిగేజ్ చవక. ఆ సన్నటి మైనపు దారాన్ని నూనె లేకుండా తుడిచిన జర్నల్ మీద పొడుగునా పెట్టి, క్యాప్ (బేరింగ్‌ని పట్టి ఉంచే మూత) బోల్టులు పూర్తి టార్క్‌కి (మాన్యువల్ చెప్పిన బిగింపుకి) బిగించి, విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది స్కేలుతో పోల్చాలి. మధ్యలో క్రాంక్ తిరిగిందా, పని మళ్లీ మొదటికే. పైగా ఒక్క చోటి సంగతే చెబుతుంది. జర్నల్ కోలగా అరిగితే దీనికి దొరకదు.

బోర్ గేజ్ (బోర్, అంటే రంధ్రం, లోపలి వ్యాసం కొలిచే సాధనం) ఖరీదు, చెయ్యి తిరగాలి. మైక్రోమీటర్‌ను జర్నల్ సైజుకి బిగించి, అందులోనే గేజ్‌ను సున్నా చేసి, షెల్స్‌తో టార్క్ చేసిన బోర్‌లో పెడితే నేరుగా క్లియరెన్సే కనిపిస్తుంది. షెల్స్ అతుకు దగ్గర మాత్రం కొలవకండి, అక్కడ తయారీలోనే కాస్త ఎక్కువ సందు వదులుతారు.

గ్రైండింగ్ చేయించిన క్రాంక్‌కైతే నేను బోర్ గేజ్ లేకుండా ముందుకెళ్లను. మంచి జర్నల్‌కి కొత్త షెల్స్ వేస్తుంటే ప్లాస్టిగేజ్ చాలు. ఏదైనా సరే, షెల్ వీపుకి ఆయిల్ రాయకూడదు, చిన్న నలుసు కూడా ఉండకూడదు.