మాల్డి-టాఫ్ మెషిన్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితులు, బాక్టీరియా పేరు నిమిషాల్లో చెప్పే ఈ మెషిన్ కొనాలా వద్దా అని మాటిమాటికీ అడుగుతున్నారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. కొనండి. కాకపోతే కంపెనీవాళ్లు చెప్పే ప్రతి మాటా నమ్మేసి కొనకండి.

ఇది రాకముందు కల్చర్ ప్లేట్ మీద కాలనీ (బాక్టీరియా పెరిగిన చుక్క) కనిపిస్తే గ్రామ్ స్టెయిన్ చేసి, షుగర్ ట్యూబుల్లో, సిట్రేట్‌లో, యూరియాలో వేసి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టి, మర్నాడు రంగులు చూసుకుని ఫలానా బాక్టీరియా అని పేరు రాసేవాళ్లం. ఇప్పుడు టూత్‌పిక్‌తో కాలనీని కొంచెం గీకి స్టీల్ ప్లేట్ మీద చిన్న గడిలో పల్చగా పూసి, పైన ఒక మైక్రోలీటర్ మ్యాట్రిక్స్ (లేజర్ శక్తిని పీల్చుకునే రసాయనం) వేసి, అది ఆరాక లోపల పెడితే చాలు. లేజర్ తగలగానే ప్రోటీన్లు పైకి లేచి గొట్టంలో పరుగు పెడతాయి, తేలికవి ముందు, బరువైనవి వెనక. 2,000 నుంచి 20,000 డాల్టన్ల (అణువుల బరువు కొలత) మధ్య పడే పీక్స్‌ను, అంటే గ్రాఫ్‌లో లేచే శిఖరాలను, అందులో ఎక్కువ రైబోజోమ్ ప్రోటీన్లే, లైబ్రరీతో పోల్చి నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. మొదటి వారం మేమంతా దాని చుట్టూనే తిరిగాం.

నాకు దీని వెనక కథే ఇంకా ఇష్టం. లేజర్‌తో పెద్ద ప్రోటీన్లను చెడగొట్టకుండా లేపే దారి చూపినందుకు జపాన్ ఇంజినీర్ కొయిచి తనకాకు 2002లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది, దీనికి చుట్టం లాంటి సెల్డి-టాఫ్‌తో, రక్తపు సీరంలోని ప్రోటీన్ల తీరు చూసి అండాశయ క్యాన్సర్ పట్టేయొచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రికలో పేపర్ వచ్చి పెద్ద హడావిడి అయింది. తర్వాత గణాంక నిపుణులు ఆ డేటా తిరగేస్తే, కనిపించిన తేడాలు జబ్బువి కాకుండా శాంపిల్స్ నడిపిన పద్ధతివి అయి ఉండొచ్చని తేలింది, ఆ టెస్ట్ ల్యాబ్ దాకా రాలేదు. 2009లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి పొందిన ఓవా1, అండాశయ గడ్డలో క్యాన్సర్ ముప్పు అంచనా వేసే రక్తపరీక్ష, వచ్చేసరికి, చూసేది ఐదు ప్రోటీన్లనే, అవీ యాంటీబాడీలతో కొలిచినవే. మరి బాక్టీరియా దగ్గర ఇది ఎందుకు గెలిచింది? సీరంలో ప్రోటీన్ సగానికి పైగా ఆల్బుమినే, మనకు కావాల్సింది దాని కింద ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. కాలనీలో ఆ గొడవ లేదు, అన్నీ ఒకే జాతి కణాలే, రైబోజోములు కుప్పలు కుప్పలు. అసలు ఏ పీక్ ఏ ప్రోటీనో తెలియకపోయినా పని జరిగిపోతుంది.

ఇక చిరాకులు. మందంగా పూస్తే స్కోరు, అంటే లైబ్రరీతో ఎంత కలిసిందో చెప్పే అంకె, పడిపోతుంది, మా మెషిన్‌లో 2 దాటితేనే జాతి పేరు నమ్ముతాం. ఈస్ట్‌కి ఫార్మిక్ యాసిడ్ చుక్క వేయకపోతే చాలాసార్లు ఏమీ రాదు. న్యుమోకోకస్‌ని (న్యుమోనియా తెచ్చే బాక్టీరియా) దాని దగ్గరి చుట్టాలతో కలిపేస్తుంది కాబట్టి, దాన్ని విడిగా గుర్తించే పాత ఆప్టోచిన్ డిస్క్ ఇంకా పారేయలేదు. ఏ మందు పనిచేస్తుందో మామూలుగా చెప్పదు, సెన్సిటివిటీ ప్లేట్ కోసం మళ్లీ మర్నాటిదాకా ఆగాల్సిందే, ఈ సంగతి డాక్టర్లకు ముందే చెప్పి పెట్టుకోండి, లేదంటే ఫోన్లు ఆగవు.

అన్నిటికన్నా భయపెట్టింది ఒక మోషన్ శాంపిల్. ఇ.కోలై, స్కోరు 2.2, పచ్చ రంగులో వచ్చింది, రిపోర్ట్ వదిలేయబోతున్నా. మా సీనియర్ మేడమ్ మకాంకీ ప్లేట్ (దీని మీద ఇ.కోలై మామూలుగా గులాబీ రంగులో పెరుగుతుంది) వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "కాలనీకి రంగే లేదు కదమ్మా, దీన్ని ఇ.కోలై అని ఎలా వదులుతావ్?" అన్నారు. షిగెల్లాని పట్టుకునే యాంటీబాడీలున్న యాంటీసీరం వేస్తే స్లైడ్ మీద క్షణాల్లో గడ్డలు కట్టింది, అది రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా. ఈ రెండూ మరీ దగ్గరి చుట్టాలు, మెషిన్ వీటిని మామూలుగా వేరు చేయలేకపోతుంది.

సర్వీస్‌కి మాత్రం ఐదులో ఒక్క మార్కే. వ్యాక్యూమ్ పంపు పోతే ఇంజినీర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పాత ట్యూబులే దిక్కు. కొత్తగా చేరిన అమ్మాయి ఇండోల్ ట్యూబ్‌లో పైన తేలిన ఎర్ర రింగ్, అంటే మామూలు పాజిటివ్ ఫలితమే, చూసి, "అక్కా, ఇది కంటామినేషనా?" అని అడిగింది.